ముక్కాలిపీట మీద మహారాజు

తిప్పన గుర్రాన్ని ఆపేలోపు దేశం అయిపోయింది.

తప్పు గుర్రానిది కాదు. సుడిగాలి అనే ఆ గుర్రాన్ని తిప్పన ఒక గంధర్వుడితో ఈతపందెం వేసి గెలుచుకున్నాడు. దానికి పరుగు తప్ప మరో విద్య తెలియదు. తిప్పనకు తెడ్డు వేయడం తప్ప మరో విద్య తెలియదు. పింగళ నది మీద పుట్టి పెరిగిన పడవవాడు కళ్లెం పడితే స్వారీ ఎలా ఉండాలో అలాగే ఉంది. పైగా నెత్తిమీద ఒక మాంత్రికుడి ఇనపముక్కు రాబందు తరుముకొస్తోంది.

ముళ్లకోనలో బట్టలు చిరిగాయి. బుసకొట్టే ఇసుకలో నీళ్లతిత్తి పోయింది. లోయ మీది తాళ్లవంతెన సగంలో తెగితే మిగిలిన సగం మీదినుంచే గుర్రాన్ని దూకించాడు. రాబందు రెక్క విసురుకు తలపాగా ఎగిరిపోయింది. అంతలో రెండు కొండల నడుమ తెల్లటి రాతిగోడ, అందులో తెరిచిన ద్వారం కనిపించాయి. "వచ్చేశామే సుడిగాలీ!" అని అరిచి కళ్లు మూసుకుని దూసుకుపోయాడు. కెవ్వుమన్న కోళ్లు, డెక్కల కింద విరిగిన వడియాల చప్పుడు, ఎవరో తిట్టిన తిట్టు, ఇవన్నీ చెవులపక్కనుంచి జరిగిపోయాయి. కళ్లెం బిగపట్టి కళ్లు తెరిచేసరికి అతను ఇంకో ద్వారానికి అవతల ఉన్నాడు. మధ్యలో ఉన్నదే మూలవాటిక రాజ్యం.

ఇద్దరు కాపలావాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు.

"మా దేశంలోకి రాకుండానే మా దేశంలోంచి బయటికొచ్చావు. ఇది నేరం" అన్నాడు ఒకడు.

"వచ్చాను కదయ్యా! అటు ద్వారంలోంచే వచ్చాను."

"అక్కడ నీ రాక చెప్పుకోలేదు. రాక చెప్పుకోనివాడు రానట్టే."

"పొరపాటైపోయింది. ఇప్పుడు లోపలికి రానివ్వండి."

"ఇది వెళ్లే ద్వారం. వచ్చే ద్వారం అటుంది. గోడ చుట్టూ తిరిగి రా. గుర్రం ఇక్కడే ఉంటుంది, వడియాలు తొక్కింది."

తిప్పన పళ్లు పటపట కొరికి గోడవెంట నడిచాడు. రాబందు పైన గిరికీలు కొడుతోంది కానీ గోడ దగ్గరికి రావడం లేదు. అది ఎందుకు రాదో అతనికి తెలుసు. ఆ గోడను, లోపలి కోటను, వీధుల్లో పరిచిన బండలను కూడా మూలవాటిక మొదటి రాజు ఆదిటంకుడు ఒకే ఉలితో చెక్కాడట. ఆ ఉలి తగిలిన రాతిమధ్య ఏ మంత్రమూ పారదు. ఆ ఉలి కోసమే తిప్పన ఇంతదూరం వచ్చాడు.

పింగళ నదికి వరద వచ్చిన రోజున గరళశిఖుడనే మాంత్రికుడు రేవులోకి వచ్చి తనను ఆవలి గట్టుకు దాటించమన్నాడు. "ఈ వరదలో పడవ వేస్తే ఎక్కినవాళ్లంతా గంగపాలే. నీరు తగ్గాక రావయ్యా" అంది తిప్పన అక్క మాచక్క. ఊహ తెలియకముందే తల్లిని పోగొట్టుకున్న తిప్పనకు తల్లయినా తండ్రయినా ఆవిడే. "నన్ను దాటించని కాళ్లు రాళ్లైపోనీ!" అని మాంత్రికుడు నడుముకు వేలాడుతున్న మొండిసుత్తి తీసి నేలమీద ఒక్క దెబ్బ కొట్టాడు. వాడు వెళ్లిన దారిలో తడిబంకమన్ను మీద ఉత్తి పాదాల గుర్తులు పడ్డాయి. కుడిపాదానికి బొటనవేలు లేదు. ఆ గుర్తు తిప్పన మనసులో చెరగకుండా నిలిచిపోయింది.

ఆ పూటే మాచక్క పాదాలు రాయయ్యాయి. ఆ రాయి రోజూ కొంచెం కొంచెం పైకి పాకుతోంది. ఆవిడ తన చేతి ఆకుపచ్చ గాజు తీసి తమ్ముడికి ఇచ్చింది. ఆవిడ రాయవుతున్న కొద్దీ గాజూ రాయవుతుంది. బయలుదేరినప్పుడు నిండుగా మెరిసిన గాజులో ఇప్పుడు వేలెడంత పచ్చదనం మిగిలింది. అదీ పోయిందంటే అక్క లేదు. రాతిలో చిక్కిన ప్రాణిని విడిపించగలిగింది ఆదిటంకుడి ప్రాణపు ఉలి ఒక్కటే అని దారిలో ఒక సిద్ధుడు చెప్పాడు. ఆ సిద్ధుడు ఈ దేశం ఎక్కడుందో చెప్పాడు కానీ, ఈ దేశం ఎలాంటిదో చెప్పకుండా చక్కాపోయాడు.

వచ్చే ద్వారం దగ్గర రాక చెప్పుకున్నాడు. అంతటితో పని అయిందా? పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, అరచేతి మందం దేశానికి ఆకాశమంత చరిత్ర. లోపలికొచ్చిన అతిథి ఆదిరాజు కాలంనాటి బట్ట కట్టుకోవాలట. ఆదిరాజు కాలంలో బట్టే లేదు కాబట్టి మేకతోలు చుట్టారు. ఆదిరాజు ఏ బండ మీద మొదటిసారి తుమ్మాడో ఆ బండకు దండం పెట్టించారు. "అక్క చచ్చిపోతోంది మొర్రో" అని తిప్పన మొత్తుకుంటే, "మీ అక్క నిన్నటిది, ఈ బండ యుగాలనాటిది" అని కాపలావాడు తాపీగా జవాబిచ్చాడు. తిప్పనకు వాడి పీక పిసకాలనిపించింది. అక్క మొహం గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాడు.

ఆ సభామండపం మాత్రం చూసితీరవలసిందే. కొండ కడుపును తొలిచి, ఒక్క అతుకు లేకుండా చెక్కిన మండపం అది. కప్పు మీద రాతి తామరలు రేకు రేకునా విచ్చుకుని ఉన్నాయి. స్తంభాల మీద రాతి చిలకలు జామకాయలు కొరుకుతున్నాయి. కొరికిన చోట గింజలు కూడా కనిపిస్తున్నాయి. పైకప్పు సందుల్లోంచి దిగిన ఎండ నేలమీది నునుపురాతికి తగిలి గోడలన్నిటికీ పాలవెలుగు పూస్తోంది. గోడ పొడుగునా చందనపు పీఠాలు, ప్రతి పీఠం మీదా ఒక కిరీటం, ప్రతి పీఠం ముందూ ఒక జత కర్రపావుకోళ్లు ఉన్నాయి. కూర్చున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ప్రతి పీఠం పక్కనా తలపాగా చుట్టుకున్న ఒక మనిషి చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

మొదటి పీఠం వెనక గోడగూడులో ఇనప ఊచల అవతల, అక్కని బతికించే ఉలి తళతళలాడుతోంది. దాని పక్కనే రాతిలో ఇంకో గుంట ఉంది. అందులో ఏమీ లేదు.

"ఆ ఖాళీ గుంట ఏమిటి?" అని అడిగాడు తిప్పన.

"అడగమన్నప్పుడే అడగాలి నాయనా" అంది ఎదురొచ్చిన ముసలమ్మ. ఆవిడ పీఠాల పెద్ద వకుళమ్మ. ఊరు పొమ్మని కాడు రమ్మనే వయసులోనూ గొంతు కంచుగంటలా ఉంది. "ముందు మహారాజుకు మొక్కు."

తిప్పన పీఠాలన్నీ వెతికి చూశాడు. వకుళమ్మ గడప వైపు చెయ్యి చూపించింది. అక్కడ చెప్పులు విడిచే చోట ముక్కాలిపీట మీద, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, ఒక బక్కపల్చని మనిషి కూర్చుని ఉన్నాడు. నెత్తిన కిరీటం, మొలకు ఒక తాళంచెవి ఉన్నాయి. ఆయనే మూలవాటిక ప్రభువు కుందవర్మ.

"పీఠాలన్నీ పెద్దలవి. చచ్చిపోయినంత మాత్రాన రాజును లేపేస్తామా?" అంది వకుళమ్మ. "ఈయన పోయాక ఈయనకూ ఒక పీఠం వేస్తాం. అప్పటిదాకా ఆ పీటే."

కుందవర్మ తిప్పన గాజు వైపు చూశాడు. కథంతా విన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఉలి ఇవ్వాలనే ఉందయ్యా. ఆ ఊచల తాళంచెవి నా మొలకే ఉంది. కానీ రాజు ఏ పని చెయ్యాలన్నా పెద్దలందరూ సరే అనాలి" అని మెల్లగా అన్నాడు.

"పెద్దలు ఎలా అంటారు ప్రభూ?"

"పక్కన నిలుచున్నవాళ్లు పలుకువాళ్లు. ఒక్కో పెద్దాయన బతికుండగా తరచూ అన్న మాటను ఒక్కో వంశం కాపాడుకుంటూ వస్తోంది. ఏది అడిగినా వాళ్లు ఆ మాటే చెబుతారు. అర్థం వకుళమ్మ చెబుతుంది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! తిప్పన నిట్టూర్చి మొదటి పీఠం ముందు మోకరిల్లాడు.

ఆదిటంకుడి పలుకువాడు గొంతు సవరించుకుని, "రాయిని అడగొద్దు, కొట్టు!" అన్నాడు. "సరేనన్నట్టే" అంది వకుళమ్మ. తిప్పన గుండె గంతులేసింది.

రెండో రాజు పలుకువాడు "భోజనమైందా?" అన్నాడు. వెంటనే సభ ఆగిపోయింది. అతిథి భోంచేసేదాకా కదలడానికి వీల్లేదట. ఆదిరాజు నాటి వంటే వండాలి కాబట్టి ఉప్పులేని రాగిజావ కాచారు. అది చల్లారేదాకా ఊదకూడదట, ఆదిరాజు ఊదేవాడు కాదట. తిప్పన నోరు కాల్చుకుని తాగేశాడు.

మూడో రాజు పలుకువాడు ఆవులించి, "రేపు చూద్దాం" అన్నాడు.

అంతే, అందరూ తలపాగాలు విప్పి ఇళ్లకు వెళ్లిపోయారు.

తిప్పన మండపం మధ్యలో నిలబడి తన జుట్టు తానే పీక్కున్నాడు. "ఏం మనుషులయ్యా మీరు! మొసళ్లున్న మడుగులో ఈదాను, రాక్షసి తలుపు తోసి వచ్చాను, ఎక్కడా నాకు ఏడుపు రాలేదు. ఇక్కడ వస్తోంది!" అని నిజంగానే ఏడ్చేశాడు. కుందవర్మ పీట మీదే ఉండి, "నాకు రోజూ వస్తుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున సభ కూడేసరికి గాజులో పచ్చదనం బియ్యపుగింజంత అయింది.

నాలుగో రాజు పాలుతాగే వయసులోనే పోయాడట. బుర్రమీసాల పలుకువాడొకడు ముందుకొచ్చి, "ఉంగా... ఉంగా..." అన్నాడు. ఉంగా అంటే ఔననా కాదనా అని ఇద్దరు పండితులు జుట్లు పట్టుకున్నారు. చివరికి ఆ మీసాలాయనకు పాలు పట్టించి, నవ్వాడు కాబట్టి ఔననే అని తేల్చారు. అయిదో పీఠం నాగలదేవి మహారాణిది. ఆవిడ పలుకువాడు "తన్నండి వాణ్ణి!" అన్నాడు. భటులిద్దరు వచ్చి "ఏమనుకోకు బాబూ" అంటూ తిప్పనను చెరో తన్నూ తన్ని వెళ్లారు. తన్నించుకున్నవాడి మీద నాగలదేవికి జాలి ఎక్కువట. అదీ ఒప్పుదలే. తిప్పన నడుం రుద్దుకుంటూ ఆరో పీఠం దగ్గరికి కుంటుకుంటూ వెళ్లాడు. దాని తర్వాత ఇంకా నాలుగైదే ఉన్నాయి.

ఆరో పీఠం శాంతవర్మ మహారాజుది.

"కాదు! చాలించండి!" అన్నాడు పలుకువాడు.

సభంతా నిట్టూర్చింది. వకుళమ్మ కూడా తల వంచుకుంది. "ఈ పెద్దాయన దేనికైనా అదే మాట అనేవారు నాయనా. ఒక్క పెద్ద కాదంటే అందరూ కాదన్నట్టే. మళ్లీ అడగాలంటే కొత్త రాజు రావాలి."

"కొత్త రాజా!"

"ఎంతసేపు, ఈయన పోతే వస్తాడు" అంది వకుళమ్మ. కుందవర్మ ఉలిక్కిపడ్డాడు.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అని పడవవాడిగా తిప్పన ఎంతమంది చేత అనిపించుకోలేదు! మొదటి రాజు సరే అన్నప్పుడు నవ్విన మొహాలే ఇప్పుడు పక్కకు తిరిగాయి. అతను శాంతవర్మ పీఠం ముందు కూలబడ్డాడు. కళ్లనీళ్లలోంచి ఎదురుగా ఉన్న పావుకోళ్లు కనిపించాయి. ఎడమదాని పిడి ఉండాల్సిన చోటే ఉంది. కుడిదాని పిడి మాత్రం పక్కకు జరిపి కొట్టి ఉంది. బొటనవేలికీ దాని పక్కవేలికీ మధ్య కాదు, ఇంకో వేలు అవతల.

బొటనవేలు లేనివాడి పావుకోడు అది.

తిప్పన లేచాడు. "అవ్వా! ఈ శాంతవర్మ ఎలా పోయాడు?"

"అడవికి వెళ్లారు. అడవి అంచున ఈ పావుకోళ్లు దొరికాయి."

"శవం దొరికిందా?"

"శవమెందుకు? మా రాజులు నేలమీద ఉత్తికాలు మోపరు నాయనా. పావుకోళ్లు లేవంటే రాజు లేనట్టే."

తిప్పనకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసి గొంతు చించుకునేంత అరుపొచ్చింది. "వాడు ఉత్తికాళ్లతోనే మా రేవులోకి వచ్చాడు! కుడికాలికి బొటనవేలు లేదు! మా అక్కను రాయి చేసిన గరళశిఖుడు మీ శాంతవర్మే! పీఠాలు చచ్చినవాళ్లకు కదా? బతికున్నవాడు కాదనడానికి వాడికి ఇక్కడ పీఠం ఎక్కడిది?"

వకుళమ్మ పావుకోడు తీసి ఎండలో పెట్టి చూసింది. పండితులు చూశారు. మీసాలాయన కూడా చూశాడు. తిప్పన గాజును గుండెకు అదుముకున్నాడు. గెలిచాననే అనుకున్నాడు.

వకుళమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది. "శాంతవర్మ ప్రభువు బతికే ఉన్నారు!" అని కేకవేసింది.

"బతికే ఉన్నారు!" అని సభంతా ఎగిరి గంతేసింది.

"బతికుంటే ఆయనే మహారాజు! ఆయన తర్వాతవాళ్లు ఎవరూ రాజులు కారు!" వకుళమ్మ చకచకా నడిచి చివరి పీఠాల మీది కిరీటాలు తీసి చంకలో పెట్టుకుంది. వాటి పలుకువాళ్లు లబోదిబోమన్నారు. చివరికి గడప దగ్గరికి వచ్చి కుందవర్మ నెత్తిమీది కిరీటం కూడా పెరికింది. "నువ్వూ కాదయ్యా, లే! మేళం రానీండి! శంఖాలు ఊదండి! మన రాజును మనం పిలుచుకోవాలి!"

"అవ్వా, వాడు మాంత్రికుడు!" అన్నాడు తిప్పన.

"మహారాజును వాడు వీడు అంటున్నాడు. పైగా మహారాజు శాపాన్ని తిప్పెయ్యడానికి ఉలి అడిగాడు. రాజద్రోహం! స్తంభానికి కట్టండి!"

భటులు "ఏమనుకోకు బాబూ" అంటూ తిప్పనను రాతి చిలకల స్తంభానికి కట్టేశారు. తర్వాత ముసలీ ముతకా పండితులూ పలుకువాళ్లూ తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. శంఖాలు మోగాయి. తిప్పనకు పైకప్పు సందులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఇంతసేపూ గిరికీలు కొట్టిన రాబందు రెక్కలు ముడిచి గోడ బయటికి దిగడం మొదలుపెట్టింది. దాని వీపు మీద ఒక మనిషి ఉన్నాడు.

తిప్పన తల స్తంభానికేసి కొట్టుకున్నాడు. శత్రువును రాజును చేసింది తన నోరే. ఊరుకుని ఉంటే అక్క ఒక్కతే పోయేది. ఇప్పుడు ఒక దేశాన్నే వాడి చేతిలో పెట్టాడు.

అంతలో ఇనుము కిర్రుమంది.

కుందవర్మ గూడు తలుపు తెరిచి ఉలి చేతిలోకి తీసుకుంటున్నాడు.

"ప్రభూ! పెద్దలు..."

"నేను రాజును కాను కదయ్యా" అన్నాడు కుందవర్మ. ఆయన గొంతులో ఏదో కొత్త హుషారు ఉంది. "రాజుకైతే అందరూ సరే అనాలి. దొంగకు ఎవరు సరే అనాలి? ఈ హడావుడిలో తాళంచెవి తీసుకోవడం వకుళమ్మ మరిచిపోయింది." ఉలి అంచు తగలగానే తాళ్లు దారాల్లా తెగిపోయాయి.

బయట మేళం దగ్గరికి వచ్చేసింది. ఇద్దరూ పీఠాల వెనక్కి దూరి, గోడవెంట పాకుతూ పక్కవాకిలి దగ్గరికి చేరారు. తలుపుసందులోంచి తిప్పన చూశాడు. బూడిద పూసుకున్న పొడుగాటి మనిషి, జడలు కట్టిన తల, నడుముకు మొండిసుత్తితో గరళశిఖుడు గడప దాటి లోపలికి వస్తున్నాడు. వకుళమ్మ ఆనందబాష్పాలతో పావుకోళ్లు తొడిగి, కిరీటం పెట్టింది.

"ఆ పడవవాణ్ణి నరకండి!" అన్నాడు గరళశిఖుడు మొదటి మాటగా.

"చిత్తం మహారాజా. ముందు తమరు కూర్చోండి" అని వకుళమ్మ ముక్కాలిపీట చూపించింది. "ఆదిటంక ప్రభువును అడుగుదాం."

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "మళ్లీనా?"

"మరి అడగకుండా ఎలా మహారాజా? అయ్యో, ఖైదీ పారిపోయినట్టున్నాడు. తరమాలా వద్దా అన్నది కూడా వరసలో అడగాలి."

గరళశిఖుడు చెయ్యెత్తి మంత్రం చదివాడు. ఆదిటంకుడు చెక్కిన రాయి ఆ మంత్రాన్ని మింగేసింది. ఇంకోటి చదివాడు. రాతి చిలకలు కూడా కదల్లేదు. "ఈ విసుగు భరించలేకే కదే ముసలీ, నేను పావుకోళ్లు విడిచి అడవులు పట్టింది! ఈ పీట మీద కూర్చోలేకే కదే మంత్రాలు నేర్చింది!" అని నేల అదిరేలా అరిచాడు.

"రాయిని అడగొద్దు, కొట్టు!" అన్నాడు మొదటి పలుకువాడు.

"సరేనన్నట్టే" అంది వకుళమ్మ.

"భోజనమైందా?" అన్నాడు రెండోవాడు. జావ కాచడానికి పొయ్యి రాజేశారు.

తిప్పన ఇంకా అక్కడే ఉండి చూసేవాడే. ఆ పీట మీద ఆ మనిషి మోకాళ్లు గడ్డానికి తగలడం చూస్తుంటే కడుపు చల్లబడింది. కుందవర్మ చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరూ వీధుల్లో పడి పరుగెత్తారు. కొత్తగా ఎండబెట్టిన వడియాలను దాటారు. వెళ్లే ద్వారం దగ్గర కాపలావాళ్లు గుర్రాన్ని అప్పగించారు. ఇది వెళ్లే ద్వారమే కాబట్టి వెళ్లడానికి ఏ అడ్డూ చెప్పలేదు. ఈ దేశంలో సులువుగా అయిన పని అదొక్కటే.

గోడ దాటగానే కుందవర్మ ఆగిపోయాడు. పావుకోళ్లు రెండూ విడిచి, భయం భయంగా కుడికాలు నేలమీద మోపాడు. తర్వాత ఎడమకాలు మోపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేల ఇంత చల్లగా ఉంటుందా తిప్పనా?"

"ఉంటుంది ప్రభూ, ఎక్కండి ముందు! గాజు చూడండి!" పచ్చదనం ఆవగింజంత మిగిలింది. తిప్పన ఉలిని మేకతోలులో చుట్టి గుర్రమెక్కాడు. కుందవర్మను పైకి లాగి వెనక కూర్చోబెట్టుకున్నాడు. "ఇక్కణ్ణించి మా రేవుదాకా ఆగేది లేదు. సుడిగాలి పరుగందుకుంటే సందెలోపు చేరతాం. వెళ్లగానే అక్క కాళ్లమీద ఉలి ఆనించి ఒక్క దెబ్బ!"

"దేనితో కొడతావు?" అన్నాడు కుందవర్మ.

"దేనితోనైనా! రేవులో కట్టెలు కొట్టే సమ్మెట ఉంది."

తిప్పన మెడ తిప్పి చూశాడు. కుందవర్మ ముఖంలో అప్పటిదాకా ఉన్న హుషారంతా పోయింది.

"ఆ ఖాళీ గుంట ఏమిటని అడిగావు కదయ్యా. నన్ను చెప్పనివ్వలేదు" అన్నాడాయన. "ఆదిటంకుడి ఉలికి ఆదిటంకుడి సుత్తే తగలాలి. వేరే ఏది తగిలినా ఉలి రాయితోపాటు లోపలి ప్రాణాన్నీ చీల్చేస్తుంది. ఆ సుత్తి మా తాతగారి అన్న శాంతవర్మ అడవికి వెళ్లిన రోజునుంచి కనపడలేదు. మొండిగా, పిడి పొట్టిగా ఉంటుందట."

తిప్పనకు రేవు గుర్తొచ్చింది. వరదనీటి హోరులో నేలమీద పడిన ఒక్క దెబ్బ గుర్తొచ్చింది. ఇప్పుడే తలుపుసందులోంచి చూసిన నడుము గుర్తొచ్చింది.

గోడ లోపలినుంచి పలుచగా ఒక కేక వినిపించింది. "జావ ఊదకూడదు మహారాజా!" ఆ వెంటనే కంచం విసిరికొట్టిన చప్పుడు, వందమంది హాహాకారాలు. గరళశిఖుడు ఆ పీట మీద కూర్చున్నంతసేపే మామూలు మనిషి. విసుగెత్తి లేచి గోడ దాటాడంటే మళ్లీ మాంత్రికుడే. ఆవగింజంత పచ్చదనం, ఒక ముసలమ్మ ఓపిక, అంతే మిగిలింది.

తిప్పన ద్వారం వైపు గుర్రాన్ని తిప్పాడు. ఈటెలు రెండూ అడ్డం పడ్డాయి.

"ఇది వెళ్లే ద్వారం" అన్నాడు కాపలావాడు. "వచ్చే ద్వారం అటుంది. చుట్టూ తిరిగి..."

తిప్పన చెప్పరాని తిట్టు ఒకటి తిట్టాడు. సుడిగాలిని నాలుగు బారలు వెనక్కి నడిపించి గోడ ఎత్తు చూశాడు. "గట్టిగా పట్టుకోండి ప్రభూ" అని కళ్లెం రెండు చేతులకూ చుట్టుకున్నాడు. గుర్రం గోడమీదికి లేచింది. ఈసారి అతను కళ్లు మూసుకోలేదు. ఈసారి దేశం అయిపోకముందే గుర్రాన్ని ఆపాలి.